జింక్ ఫింగర్లు కణంలో ఏం చేస్తాయి? పొలంలో వేసే జింకుకీ వాటికీ సంబంధం ఏమిటి?

పాలకొల్లు దగ్గరి ఊరి నుంచి, బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. "దాళ్వా నాట్లు వేసిన మూడు వారాలకి ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తే నాన్న జింక్ సల్ఫేట్ పిచికారీ చేశారు. తమ్ముడికి విరేచనాలైతే డాక్టరు గారు జింకు మాత్రలు రాశారు. ఇప్పుడేమో జింక్ ఫింగర్ ప్రొటీన్లు డీఎన్‌ఏని పట్టుకుంటాయని క్లాసులో చెప్పారు. ఇదంతా ఒకే జింకా? డీఎన్‌ఏని పట్టుకునేది జింకా, ప్రొటీనా? జింకు ఎక్కువ తింటే ఈ ఫింగర్లు ఎక్కువవుతాయా?"

ఒకే జింకమ్మా. మూడు చోట్లా అదే మూలకం, అదే రెండు ధనావేశాల అయాన్. డీఎన్‌ఏని పట్టుకునేది మాత్రం ప్రొటీనే. జింకు ఎక్కువ తింటే ఫింగర్లు పెరగవు. ఎందుకు పెరగవో అర్థం కావాలంటే అసలు ఫింగర్ ఎలా ఏర్పడుతుందో ముందు చూడాలి. నేను పుట్టి పెరిగింది కోనసీమలో. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ప్రొటీన్లతోనే పనిచేశాను. కాబట్టి మీ పొలం సంగతీ, మీ పాఠం సంగతీ రెండూ కలిపి కాస్త వివరంగానే రాస్తాను.

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ అని మీకు తెలుసు. పొడవాటి దండ నీళ్ళలో తనంతట తానే ముడుచుకుంటుంది. నీళ్ళంటే గిట్టని అమైనో ఆమ్లాలన్నీ లోపలికి చేరి గట్టి ముద్దలా తయారవుతాయి, ఆ ముద్దే ప్రొటీన్ ఆకారాన్ని నిలబెడుతుంది. కానీ ముప్పై అమైనో ఆమ్లాల చిన్న ముక్కకి అంత లోపలి భాగం ఎక్కడిది? వదిలేస్తే గడ్డిపోచలా ఊగుతూనే ఉంటుంది. కోతలప్పుడు వరి మోపు కట్టడం చూసే ఉంటారు. కోసిన పైరుని ఊరికే నిలబెడితే పడిపోతుంది. గడ్డితో పేనిన తాడు నడుం దగ్గర ఒక్క చుట్టు చుట్టి బిగిస్తే నెత్తిన పెట్టుకుని గట్టు దాటొచ్చు. ఫింగర్‌లో జింకు చేసేది ఆ తాడు పని. అది డీఎన్‌ఏని తాకదు, ఏ రసాయన చర్యా జరపదు. ముక్కని ఒక ఆకారంలో బిగించి ఉంచుతుంది, అంతే.

బాగా తెలిసిన రకంలో ఆ కట్టు ఇలా ఉంటుంది. సిస్టీన్, హిస్టిడిన్ అనేవి రెండు రకాల అమైనో ఆమ్లాలు. రెండు సిస్టీన్లలోని గంధకం, రెండు హిస్టిడిన్లలోని నత్రజని నాలుగు వైపుల నుంచి జింకుని పట్టుకుంటాయి. సిస్టీన్లు ఉన్న వైపు రెండు పట్టీలు పక్కపక్కన వాలతాయి, హిస్టిడిన్లు ఉన్న వైపు ఒక చుట్ట ఏర్పడుతుంది. ఈ చుట్టనే ఆల్ఫా హెలిక్స్ అంటాం. డీఎన్‌ఏని చదివేది ఇదే.

ఒక కాగితం పట్టీ తీసుకుని ఈ పని చేసి చూడండి. ఎలుకలో దొరికిన జిఫ్268 అనే ప్రొటీన్‌లో మొదటి ఫింగర్ వరస ఇది: ఒక సిస్టీన్, తర్వాత నాలుగు వేరే అమైనో ఆమ్లాలు, మళ్ళీ సిస్టీన్, ఆ తర్వాత పన్నెండు, అప్పుడు హిస్టిడిన్, మూడు విడిచి మళ్ళీ హిస్టిడిన్. పట్టీ మీద ఈ లెక్కన నాలుగు చుక్కలు పెట్టి, నాలుగింటినీ ఒక దగ్గరికి లాగి గుండుసూదితో కలపండి. మధ్యలో మిగిలిన పన్నెండూ బయటికి ఉబ్బుతాయి. మొదట్లో బొమ్మ గీసినవాళ్ళకి అది వేలులా కనిపించింది, ఫింగర్ అన్న పేరు అలా నిలిచింది. కాబట్టి ఈ పేరు చెప్పేది కట్టు గురించి. ఆ ప్రొటీన్ ఏం పని చేస్తుందో ఈ పేరుని బట్టి చెప్పలేం. పరీక్ష పేపర్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: "జింక్ ఫింగర్ అంటే డీఎన్‌ఏని పట్టుకునే ప్రొటీన్" అని రాసేస్తారు.

మరి జింకే ఎందుకు, ఇనుము ఎందుకు కాదు? ఇనుము రెండు, మూడు ఆవేశాల మధ్య మారుతూ ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకుంటుంది. ఊపిరికి ఆ గుణం కావాలి. కానీ డీఎన్‌ఏ పక్కనే అలాంటి లోహం కూర్చుంటే ఫ్రీ రాడికల్స్ పుట్టి డీఎన్‌ఏనే దెబ్బతీస్తాయి. జింకు ఎప్పుడూ రెండు ఆవేశాల దగ్గరే ఉంటుంది, మారదు. జన్యువుల పక్కన ఉంచడానికి ఇంతకంటే నమ్మకమైన లోహం లేదు.

ఈ సంగతి బయటపడింది ఒక కప్ప గుడ్లలో. జెనోపస్ అని, కాళ్ళకి గోళ్ళుండే ఆఫ్రికా కప్ప. పులస కడుపులో జన ముందే నిండినట్టు, ఈ కప్ప ఎదుగుతున్న గుడ్డులో రేపటి పిండానికి కావలసిన సరుకంతా ముందే పోగవుతుంది. అందులో 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ అనేది ఒకటి, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల్లో భాగం. ఆ ఆర్‌ఎన్‌ఏని ఒక ప్రొటీన్ పట్టుకుని దాచి ఉంచుతుంది. 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు మీద కూర్చుని దాన్ని పని చేయించేదీ అదే ప్రొటీన్. దాని పేరు టీఎఫ్‌త్రీఏ. కేంబ్రిడ్జ్‌లో ఆరన్ క్లూగ్ బృందం, 1980ల మొదట్లో, దీన్ని శుభ్రం చేయబోతే చేతిలోనే విడిపోయేది. బఫర్‌లో, అంటే ప్రొటీన్‌ని ఉంచే ద్రావణంలో, మామూలుగా వేసే డైథయోత్రైటాల్ అనే రసాయనం ఏదో లోహాన్ని లాగేస్తోందని వాళ్ళకి అనుమానం వచ్చింది. కొలిచి చూస్తే ప్రొటీన్, ఆర్‌ఎన్‌ఏ కలిసి ఉన్న ఒక్కో కణికలో 7 నుంచి 11 వరకు జింకు పరమాణువులున్నాయి. 1984లో వేరే బృందం ఈ ప్రొటీన్ వరస ప్రకటించింది. అందులో దాదాపు ముప్పై అమైనో ఆమ్లాల నమూనా తొమ్మిదిసార్లు వస్తోంది, ప్రతిసారీ రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లు. తొమ్మిది ముక్కలు, తొమ్మిది జింకులు. 1985లో మిల్లర్, మెక్‌లాక్లన్, క్లూగ్ ముగ్గురూ కలిసి ఈ మాట అచ్చులో చెప్పారు. క్లూగ్‌కి అప్పటికే, 1982లో, వేరే పనికి నోబెల్ వచ్చి ఉంది. ఆ తర్వాత ఆయన ఏళ్ళ తరబడి ఈ ఫింగర్ల మీదే పనిచేశారు.

ఈ కథ నాకు చదువుకోవడం వల్ల కాదు, అనుభవించడం వల్ల అర్థమైంది. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో మూడు ఫింగర్లున్న ప్రొటీన్ ఒకటి తయారుచేసి, గుర్తు పెట్టిన డీఎన్‌ఏతో కలిపి జెల్ మీద నడిపేవాణ్ణి. జెల్ అంటే జిగురు పలక, తేలికవి అందులో కిందికి పోతాయి, బరువైనవి వెనకబడతాయి. ప్రొటీన్ డీఎన్‌ఏని పట్టుకుంటే ఆ జత బరువెక్కి గీత పైనే ఆగాలి. వారం, రెండు వారాలు, మూడు వారాలు: గీత ప్రతిసారీ అడుగుకే పోయేది. ఒక రాత్రి బఫర్ సీసా తీసి చీటీ మీద రాసి ఉన్నవి ఒక్కొక్కటే చదివాను. ఈడీటీఏ, 5 మిల్లీమోలార్. డీఎన్‌ఏని కోసే ఎంజైములు పనిచేయకుండా ల్యాబ్‌లో అలవాటుగా వేసేది అది. లోహం కనిపిస్తే పట్టేసుకోవడమే దాని పని. నా ప్రొటీన్‌లోని మూడు జింకులూ అది పట్టుకుపోయింది. ఈడీటీఏ లేకుండా మళ్ళీ శుభ్రం చేసి, చిటికెడు జింక్ క్లోరైడ్ కలిపాను. మర్నాడు ఫిల్మ్ కడిగి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పైన నల్లటి గీత, సన్నగా, తిన్నగా. ప్రొటీన్ అదే, వరస అదే, డీఎన్‌ఏ అదే. మధ్యలో లేనిది జింకు ఒక్కటే.

ఇప్పుడు చదవడం ఎలాగో చూద్దాం. డీఎన్‌ఏ మెట్ల చుట్టకి ఒక పెద్ద గాడి, ఒక చిన్న గాడి ఉంటాయి. పెద్ద గాడిలో బేస్‌ల, అంటే డీఎన్‌ఏ అక్షరాల, అంచులు బయటికి కనిపిస్తాయి. ఫింగర్‌లోని హెలిక్స్ ఆ గాడిలోకి దిగుతుంది. 1991లో పావ్లెటిచ్, పాబో ఇద్దరూ జిఫ్268 డీఎన్‌ఏని పట్టుకుని ఉండగా స్ఫటికం చేసి బొమ్మ తీశారు. ఒక్కో ఫింగర్ మూడేసి బేస్ జతల్ని చూస్తుంది. మూడు ఫింగర్లూ వరసగా గాడి చుట్టూ తిరిగి తొమ్మిది జతలు చదువుతాయి. మొదటి ఫింగర్‌లో హెలిక్స్ మొదలయ్యే చోట ఒక ఆర్జినిన్, చివర ఇంకో ఆర్జినిన్ ఉన్నాయి. రెండూ చెరో గ్వానిన్‌ని రెండేసి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. ఆ రెండు గ్వానిన్ల మధ్య ఉండే అక్షరం సైటోసిన్. ఈ ఆర్జినిన్ల స్థానంలో వేరే అమైనో ఆమ్లం పెడితే ఫింగర్ వేరే మూడు అక్షరాల కోసం చూస్తుంది. కట్టు మాత్రం మారదు.

ఈ తెలివితోనే మనకి కావలసిన చోటుని పట్టుకునే ఫింగర్ల వరసలు తయారుచేశారు. 1996లో జాన్స్ హాప్కిన్స్‌లో శ్రీనివాసన్ చంద్రశేఖరన్ బృందం ఫింగర్లకి ఫోక్1 అనే కోత ఎంజైము ముక్కని అతికించి, అనుకున్న చోట డీఎన్‌ఏని కోసే సాధనం చేసింది. ఇప్పుడు క్రిస్పర్ అనే మరో కోత సాధనం సులువు కాబట్టి అందరూ అటు వెళ్ళారు. కానీ జన్యువుల్ని అనుకున్న చోట సవరించవచ్చని ముందు ధైర్యం ఇచ్చింది ఈ ఫింగర్లే.

మన జన్యువుల్లో ఈ సిస్టీన్-హిస్టిడిన్ రకం ఫింగర్లున్నవే 700కి పైగా ఉన్నాయి. ఏ రకంగానైనా జింకుని పట్టుకునే ప్రొటీన్లన్నీ లెక్కేస్తే మొత్తం ప్రొటీన్లలో పదో వంతు దాకా వస్తాయి. వాటి పనులన్నీ ఇక్కడ చెప్పలేను. నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను.

సీటీసీఎఫ్ అనే ప్రొటీన్‌కి 11 ఫింగర్లున్నాయి. కేంద్రకంలో డీఎన్‌ఏ తాడు ఎక్కడ మెలిక తిరగాలో, ఏ జన్యువుకి ఏ స్విచ్చు అందాలో చెప్పే గుర్తురాయి అది. క్రాబ్ రకం ఫింగర్లు సుమారు మూడొందల యాభై ఉన్నాయి. వీటిలో చాలా వాటిది కలుపు తీసే పని. మన డీఎన్‌ఏలో దాదాపు సగం ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతే, లేదా ఒకప్పుడు గెంతిన, పాత వైరస్‌లాంటి ముక్కలు. వాటిని గుర్తుపట్టి నోరు మూయించి ఉంచేది ఈ కుటుంబమే. ఈస్ట్రోజన్, కార్టిసాల్, విటమిన్ డి లాంటివి కణంలోకి వచ్చినప్పుడు వాటిని అందుకునే ప్రొటీన్లలో కూడా జింకు ఉంటుంది, కానీ అక్కడ హిస్టిడిన్లు ఉండవు, నాలుగూ సిస్టీన్లే.

డీఎన్‌ఏతో సంబంధం లేనివీ బోలెడు. రింగ్ ఫింగర్‌ని చూడండి. రెండు జింకులు అడ్డంగా అల్లుకుని ఉంటాయి. పాడైపోయిన ప్రొటీన్‌కి యుబిక్విటిన్ అనే చీటీ అతికించి పంపించేయడంలో సాయపడుతుంది. రొమ్ము క్యాన్సర్ సందర్భంలో వినే బీఆర్‌సీఏ1లో ఉన్నది ఈ రింగే. పీహెచ్‌డీ ఫింగర్ (డిగ్రీతో సంబంధం లేదు) డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీద గుర్తులు చదువుతుంది. ఫైవ్ (FYVE, ఐదు అంకె కాదు) ఫింగర్ కొవ్వు పొరల మీద ఒక ప్రత్యేకమైన ఫాస్ఫేట్ గుర్తుని వెతికి అక్కడ వాలుతుంది.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర ఆగుతాను, ఎందుకంటే ఇది మనుషుల జీవితాల సంగతి. థాలిడమైడ్ అనే మందు 1957లో జర్మనీలో నిద్ర కోసం అమ్మకానికి వచ్చింది. గర్భిణులు వేవిళ్ళకీ వాడారు. 1961లో ఆపేసేలోపు పదివేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్ళు సరిగా ఎదగకుండా పుట్టారు. ఎందుకలా జరిగిందన్నది దశాబ్దాలు తెలియలేదు. ఆ మందు కణంలోని సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుని, మామూలుగా దాని దగ్గరికి రాని జింక్ ఫింగర్ ప్రొటీన్లని తెచ్చి అంటిస్తుంది, అవి నాశనమైపోతాయి. 2018లో తేలిందేమంటే, అలా పోయేవాటిలో సాల్4 ఒకటి. చేతులు, కాళ్ళు ఎదగడానికి కావలసిన ఫింగర్ ప్రొటీన్ అది. దాని తమ్ముడులాంటి మందు లెనాలిడమైడ్ ఇప్పుడు మైలోమా అనే రక్త క్యాన్సర్‌కి ముఖ్యమైన మందు. అది నాశనం చేసేది ఇకారోస్, ఐయోలోస్ అనే ఫింగర్ ప్రొటీన్లని. మైలోమా కణాలు వాటి మీదే ఆధారపడి బతుకుతాయి, ఈ సంగతి 2014లో తెలిసింది. ఒకే రకం రసాయనం: ఏ ఫింగర్ పోయిందన్న దాన్ని బట్టి ఒకచోట అంగవైకల్యం, ఇంకోచోట ఆయుష్షు. అందుకే ఆ మందు వాడే ఆడవాళ్ళకి గర్భం రాకూడదని డాక్టర్లు అంత గట్టిగా చెబుతారు.

ఇంకోటి మన గోదావరి సంగతే. నది పైకి వెళ్తే రంపచోడవరం, చింతూరు ఏజెన్సీలో సికిల్ సెల్ అనే రక్త వ్యాధి ఉన్న గిరిజన కుటుంబాలున్నాయి. వాళ్ళ పెద్దవయసు హిమోగ్లోబిన్‌లో లోపం ఉంటుంది, తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ మాత్రం బాగానే ఉంటుంది. పుట్టాక ఆ మంచి దాన్ని ఆపేసేది బీసీఎల్11ఏ అనే జింక్ ఫింగర్ ప్రొటీన్. రోగి మూలకణాలు తీసి, ఎర్రకణాల్లో ఈ ప్రొటీన్ తయారవ్వకుండా దాని స్విచ్చుని క్రిస్పర్‌తో కోసి తిరిగి ఎక్కిస్తే, పాత హిమోగ్లోబిన్ మళ్ళీ మొదలవుతుంది. ఈ చికిత్సకి 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. చింతూరు పిల్లకి అది ఎప్పుడు అందుతుందన్నదే నన్ను తొలిచే ప్రశ్న. మీ తరంలో ఎవరైనా దీన్ని చవకగా చేసే దారి పట్టాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇక వరి. పైరులోనూ ఫింగర్లున్నాయి. పాతకాలం సార్వా రకాలు ఎప్పుడు నాటినా, పగటి పొద్దు తగ్గాకే ఈనేవని మీ తాతగారిని అడిగితే చెబుతారు. పొద్దుని లెక్కపెట్టే ఆ గుణంలో పెద్ద పాత్ర ఉన్న జన్యువు హెచ్‌డీ1, దాన్ని జపాన్ వాళ్ళు 2000లో పట్టుకున్నారు. ఆ ప్రొటీన్‌లో ఉన్నది బీ-బాక్స్ అనే జింకు కట్టు. డీఎస్‌టీ అనే మరో ఫింగర్ ప్రొటీన్ ఆకు రంధ్రాలు మూసుకోకుండా అడ్డుపడుతుంది. అది పనిచేయని వరి మొక్కలు కరువునీ ఉప్పునీ బాగా తట్టుకున్నాయని 2009లో చైనా నుంచి వచ్చింది. సముద్రం పక్కన చౌడు తేలే మన పొలాలకి ఇది ఆసక్తికరమైన సంగతి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వరి నుంచి తీసిన శాప్1 అనే ఫింగర్ జన్యువుని పొగాకులో పెడితే ఆ మొక్కలు చలినీ, నీటి ఎద్దడినీ, ఉప్పునీ తట్టుకున్నాయని 2004లో చూపించారు. ఒక జాగ్రత్త: మీ పక్కనే ఉన్న మార్టేరు వరి పరిశోధనా కేంద్రం తెచ్చిన స్వర్ణ రకానికి ముంపు తట్టుకునే గుణం చేర్చి స్వర్ణ సబ్1 చేశారు కదా, ఆ సబ్1 జన్యువు జింక్ ఫింగర్ కాదు, వేరే కుటుంబం. నోట్స్‌లో కలిపేయకండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఫింగర్లు ఎన్ని ఉండాలో నిర్ణయించేది జన్యువులు. ఉన్న ఫింగర్లు జింకుని చాలా గట్టిగా పట్టుకుంటాయి. కాస్త జింకు తగ్గగానే అవన్నీ ఊడిపోవు. లోపం బాగా ముదిరితే ఎంజైములు, ఎదుగుదల, రోగనిరోధక శక్తి అన్నీ కలిసి దెబ్బతింటాయి, ఫలానా ఫింగర్ వల్లే అని వేలెత్తి చూపడం కష్టం. మనుషుల్లో జింకు లోపాన్ని ముందుగా పట్టుకున్నది బీహార్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్. 1950ల చివర్లో ఇరాన్‌లో, 1960ల మొదట్లో ఈజిప్టులో, ఎత్తు పెరగని కుర్రవాళ్ళని చూసి ఆయన ఇది గ్రహించారు. తమ్ముడికి ఇచ్చిన మాత్రలు పేగు పొర మళ్ళీ పెరగడానికి సాయపడతాయి. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, విరేచనాలు రెండు రోజుల్లో ఆగినా సరే 14 రోజులూ వేయాలి. చాలా ఇళ్ళలో మూడో రోజే మానేస్తారు, దయచేసి మానకండి.

అలాగని పెద్దవాళ్ళు నెలల తరబడి సొంతంగా జింకు మాత్రలు మింగడం మంచిది కాదు. ఇక్కడ కూడా ఒక ఫింగర్ ఉంది. ఎంటీఎఫ్1 అనే ప్రొటీన్‌కి ఆరు ఫింగర్లు. మిగతా వాటిలా కాకుండా ఇది జింకుని కాస్త వదులుగా పట్టుకుంటుంది, కాబట్టి కణంలో జింకు పెరిగినప్పుడే నిండి పనిలోకి దిగుతుంది. మెటలోథయోనీన్ అనే ప్రొటీన్ తయారు చేయించి, అదనపు జింకుని అందులో కట్టిపడేయిస్తుంది. పేగులో ఆ మెటలోథయోనీన్ జింకుతో పాటు రాగిని కూడా పట్టేసుకుంటుంది, జింకు కంటే గట్టిగా. ఫలితం, జింకు ఎక్కువ తిన్న మనిషికి రాగి లోపం వచ్చి రక్తం తగ్గుతుంది, నరాలు దెబ్బతింటాయి. పెద్దవాళ్ళకి రోజుకి 40 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు అందుకే.

నాన్నగారి పొలం గురించి రెండు మాటలు. నీరు నిలిచి ఉండే నేలలో జింకు ఉన్నా వేరుకి అందని రూపంలోకి మారిపోతుంది. దాళ్వా మొదట్లో చలికి వేళ్ళు మందగించి ఇంకా తక్కువ తీసుకుంటాయి, భాస్వరం ఎక్కువ వేస్తే అదీ అడ్డం. అందుకే ఆ తుప్పు మచ్చలు. పిచికారీకి లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ సరిపోతుంది, ఐదారు రోజుల తేడాతో రెండు మూడుసార్లు. దమ్ములో వేసేటట్టయితే డీఏపీతో కలిపి వేయకూడదు, రెండింటికీ మధ్య రెండు మూడు రోజులుండాలి. ఎరువుల కొట్టులో చీలేటెడ్ జింకు అని ఇంకో ప్యాకెట్ కనిపిస్తుంది, దాని మీద ఈడీటీఏ అని రాసి ఉంటుంది. నా ప్రొటీన్ నుంచి జింకుని లాగేసింది అదే. ఇక్కడ దాన్ని ముందే జింకుతో నింపి అమ్ముతారు కాబట్టి నేల దాన్ని బిగదీసుకోకుండా వేరు దాకా, ఆకు దాకా చేరుస్తుంది. ఈసారి కొట్టుకి నాన్నగారితో పాటు వెళ్ళి ఆ ప్యాకెట్ మీద జింకు శాతం చదవండి, 12 అని ఉంటుంది. పక్కనే ఉన్న సల్ఫేట్ బస్తా మీద 21 గానీ 33 గానీ ఉంటుంది. ఆ తేడా సల్ఫేట్‌తో పాటు ఉండే నీటి అణువుల వల్ల వస్తుంది, లెక్క కట్టి చూడండి.